కేబుల్ నెట్టా, ఫోన్ లైన్ నెట్టా? ముందు ఇంట్లోకి వచ్చే తీగను చూడండి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో, వరంగల్‌లో, కాజీపేటలో పొద్దున పేపర్ విప్పితే మధ్యలోంచి ఏదో ఒక కరపత్రం జారిపడుతుంది: "100 ఎంబీపీఎస్ కేబుల్ నెట్, ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అని. ఇంకోపక్క పాత ల్యాండ్‌లైన్ మీదనే నెట్ నడుపుకుంటున్న ఇళ్లు, మడిగెలు కూడా ఉన్నాయి. "కేబుల్ వాళ్లది ఫాస్టా, ఫోన్ లైన్‌ది ఫాస్టా" అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఎందుకంటే కేబుల్ నెట్ అనే ఒక్క పేరు కింద మూడు రకాల తీగలు ఇళ్లలోకి వస్తున్నాయి. మూడింటి వేగం వేరు, మూడింటి జబ్బులు వేరు. కరపత్రంలో ఆ సంగతి ఉండదు. ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకునే పద్ధతి ఉన్నచోట, ఆ సంగతి తెలియకపోతే ఆరు నెలలూ ఇబ్బందే. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫోన్ లైన్ సంగతి. దీన్ని డీఎస్ఎల్ అంటారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఇది మొదలుపెట్టిన నాటికి 256 కేబీపీఎస్ (ఎంబీపీఎస్‌లో నాలుగో వంతు) వస్తే అది బ్రాడ్‌బ్యాండే. 2023 జనవరి నుంచి కేంద్రం లెక్క ప్రకారం కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. ఫోన్‌లో మన మాట 4 కిలోహెర్ట్జ్ లోపు సరిపోతుంది. డీఎస్ఎల్‌లో ఏడీఎస్ఎల్ టూ ప్లస్ రకం మోడెమ్ అదే రెండు రాగి తీగల జతను 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. తీగ పొడవు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి కిలోమీటరు లోపు ఉన్న ఇంటికి 20 ఎంబీపీఎస్ దాటి రావచ్చు, గరిష్ఠం 24. మూడు కిలోమీటర్లకు 8 దగ్గరికి పడిపోతుంది. ఐదు కిలోమీటర్ల దగ్గర ఒకటో రెండో వస్తే గొప్ప. ఇక్కడ కిలోమీటరు అంటే పటం మీద గీసే గీత కాదు. తీగ సడక్ వెంట పోయి, పిల్లర్ బాక్సులో ఎక్కి దిగి, ఇళ్లకు లైన్లు పంచే స్తంభం మీది డీపీ బాక్సుకు వచ్చి, అక్కడి నుంచి డ్రాప్ వైరుగా ఇంట్లోకి వస్తుంది. పటం మీద రెండు కిలోమీటర్లున్న కాలనీకి తీగ దూరం మూడు ఉండడం మామూలే. కొత్తగా లేచిన కాలనీలన్నీ ఊరి చివరనే కాబట్టి డీఎస్ఎల్‌కు అవి మొదటి నుంచీ ప్రతికూలమే.

మీ లైను ఎంత దూరంలో ఉందో ఎవరినీ అడగనక్కర్లేదు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి మోడెమ్ పేజీ తెరిచి, డీఎస్ఎల్ స్టేటస్‌లో లైన్ అటెన్యుయేషన్ అన్న అంకె చూడండి, దారిలో సిగ్నల్ ఎంత తగ్గిందో అది డీబీల్లో చెబుతుంది. కిలోమీటరుకు సుమారు 14 డీబీ లెక్కన భాగిస్తే తీగ పొడవు వచ్చేస్తుంది. 28 ఉంటే రెండు కిలోమీటర్లు, 56 ఉంటే నాలుగు. 56 ఉన్న ఇంటికి 8 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మినా లాభం లేదు, ఆ తీగ ఇవ్వలేదు. దాని పక్కనే ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని ఇంకో అంకె ఉంటుంది, లైనులోని రొద మీద సిగ్నల్‌కు ఎంత పైచేయి ఉందో చెప్పేది. అది 10 డీబీ పైన ఉంటే లైను నిలకడగా ఉంటుంది, 6 కంటే తగ్గితే మాటిమాటికీ తెగుతుంది. అటెన్యుయేషన్ తక్కువుండి మార్జిన్ కూడా తక్కువుంటే దూరం తప్పు లేదు, ఎక్కడో జాయింట్ చెడింది.

ఆ జాయింట్ ఎటువైపు ఉందో తేల్చడం తేలిక. ఇంట్లోని మోడెమ్, ప్యారలల్ ఫోన్లు అన్నీ పీకేసి, డ్రాప్ వైరు వచ్చి చేరే రోజెట్ బాక్సుకు ఒక్క సాదా ఫోన్ నేరుగా తగిలించండి. ఏదో ఒక్క అంకె నొక్కితే డయల్‌టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి వినండి. గరగర, చిటపట వినిపిస్తే తప్పు బయట ఉంది: డీపీ బాక్సులో పచ్చగా చిలుము పట్టిన స్క్రూ, లేదా వానకు నీళ్లు దిగిన జాయింట్. శబ్దం లేకపోతే తప్పు ఇంట్లోనే. ఎక్కువ చోట్ల కనిపించేది ఒక్కటే, ముందు గదిలో ఫోన్‌కు మాటనూ నెట్‌నూ విడదీసే స్ప్లిటర్ ఉంటుంది, పడకగదిలోని ప్యారలల్ ఫోన్‌కు ఫిల్టర్ ఉండదు. ఆ రిసీవర్ ఎత్తినప్పుడల్లా నెట్ పోతుంది. రోజెట్ దగ్గరే స్ప్లిటర్ పెట్టి, అక్కడి నుంచి మోడెమ్‌కు విడిగా ఒక తీగ, ఫోన్లన్నిటికీ ఇంకో తీగ తీస్తే ఆ బాధ ఉండదు. మోడెమ్ తీగను ఇన్వర్టర్ పక్కనుంచీ, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కనుంచీ లాగకండి.

డీఎస్ఎల్‌లో జనం గమనించని లోపం ఇంకొకటి ఉంది, అది అప్‌లోడ్. డౌన్‌లోడ్ ఎంత వచ్చినా అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ చుట్టూనే ఆగిపోతుంది, చాలా లైన్లలో 0.7 కూడా ఉండదు. 200 ఎంబీ పెళ్లి వీడియో పంపాలంటే 0.7 మీద 38 నిమిషాలు. అదే 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఫైబర్ మీద 40 సెకండ్లు. అంతకంటే చిక్కు ఏమిటంటే, అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. వచ్చిన ప్రతి ముక్కకూ "అందింది" అన్న కబురు వెనక్కి పోవాలి, ఆ కబురు ఫోటోల వరుస వెనక ఇరుక్కుంటుంది. ఇంట్లో ఒక ఫోన్ ఫోటోలను బ్యాకప్ చేస్తుంటే ఇంకో గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయేది ఇందుకే. ఫోన్‌లో బ్యాకప్‌ను రాత్రి పూటకు పెడితే సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

ఇక కేబుల్. టీవీకి వచ్చే ఆ లావు నల్ల కోయాక్సియల్ తీగ మీదనే మోడెమ్ పెట్టి ఇచ్చేది అసలు కేబుల్ నెట్. దాని పద్ధతి పేరు డాక్సిస్. 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్క టీవీ చానల్ జాగాలో సుమారు 50 ఎంబీపీఎస్ పడుతుంది. డాక్సిస్ 3.0 నుంచి అలాంటి చానళ్లను కలిపి వాడవచ్చు, నాలుగు కలిపితే 200, ఎనిమిది కలిపితే 400. అంకె చూస్తే డీఎస్ఎల్ దీని దగ్గరికి కూడా రాదు. కానీ డీఎస్ఎల్‌లో రాగి జత ఎక్స్ఛేంజ్ దాకా మీ ఒక్కరిదే. కోయాక్స్‌లో ఆ 200 గానీ 400 గానీ ఒక నోడ్ (గల్లీలకు సిగ్నల్ పంచే డబ్బా) కింద ఉన్న ఇళ్లన్నీ పంచుకోవాలి.

కోయాక్స్‌లో ఇంకో ఇబ్బంది పక్కింటి నుంచి వస్తుంది. ఇళ్ల నుంచి వెనక్కి పోయే సిగ్నల్ కింది ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుంది, అన్ని ఇళ్లదీ ఒకే దారిలో కలుస్తుంది. ఒక్క ఇంట్లో కనెక్టర్ వదులైతే అక్కడ దూరిన నాయిస్ (రొద) గల్లీ మొత్తానికి పాకుతుంది. అందుకని తీగ ఆర్జీ-6 ఉండాలి, కనెక్టర్ చేత్తో తిప్పి బిగించేది కాకుండా మెషీన్‌తో నొక్కిన కంప్రెషన్ రకం ఉండాలి. బయట ఉన్న కనెక్టర్ ముందు తీగను కిందికి ఒక వంపు తిప్పాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గర రాలిపోతాయి. వంపు లేకపోతే నీళ్లు తీగ లోపలి లోహపు జాలిలోకి ఇంకి, తొడుగు కోసి చూస్తే రాగి నల్లగానో పచ్చగానో మారి కనిపిస్తుంది. ఆ ముక్కను కోసి పారేయాలి, తుడిస్తే బాగుపడదు. టీవీ స్ప్లిటర్ల సంగతి కూడా చూడండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో దారిలో 3.5 డీబీ తింటుంది, నాలుగు దారులది 7 తింటుంది. మోడెమ్‌ను మొదటి రెండు దారుల స్ప్లిటర్ మీద పెట్టి, టీవీలను దాని తర్వాత పంచుకోవాలి. మోడెమ్ పేజీలో డౌన్‌స్ట్రీమ్ పవర్ మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ మధ్య ఉంటే సుఖం.

అయితే మన జిల్లాల్లో "కేబుల్ నెట్" అని ఇచ్చేది చాలా చోట్ల ఇది కానే కాదు. కేబుల్ ఆపరేటర్ ఇస్తాడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. రెండో రకం ల్యాన్ వైరు: ఏదో డాబా మీదనో స్తంభం మీదనో స్విచ్ డబ్బా పెట్టి, అక్కడి నుంచి క్యాట్-5ఈ వైరు ఇంటికి లాగుతారు. ఈ వైరుకు హద్దు 100 మీటర్లు. 130, 140 మీటర్లు లాగి "నడుస్తుంది కదా" అంటే, వాన పడ్డ రోజు పోర్టు 10 ఎంబీపీఎస్‌కు దిగిపోతుంది. చౌక వైరులో లోపలిది పూర్తి రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. ఎండకు, గాలికి ఊగి ఊగి లోపల తెగుతుంది. వైరులో నాలుగు జతలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. 200 ప్లాన్ తీసుకున్న ఇంట్లో ఎప్పుడు కొలిచినా 94 దగ్గరే ఆగుతుంటే ఆపరేటర్ మోసం అనుకోకముందు రౌటర్ పోర్టు 100దేమో, వైరులో ఒక జత తెగిందేమో చూడాలి. ఇంకొకటి, ఆ స్విచ్‌కు కరెంటు ఎవరింటి నుంచి వస్తుందో అడగండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆ డాబా మీద కరెంటు పోతే గల్లీ అంతా నెట్ పోతుంది. పిడుగు పడే కాలంలో స్తంభాల మధ్య లోహపు తీగ ఉంటే పోర్టులు కాలిపోతాయి. నన్నడిగితే ఈ రకం కొత్తగా తీసుకోవద్దనే చెబుతాను.

మూడో రకం ఫైబర్. సన్నటి నల్లని గానీ తెల్లని గానీ చదును వైరు, చివర పచ్చ కనెక్టర్, గోడ మీద ఓఎన్‌టీ డబ్బా, అంటే ఫైబర్ మోడెమ్. పక్కింటి కరెంటు, పిడుగు, వాన నీళ్లు దీనికి పెద్దగా పట్టవు. ఒక పోగును చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక్క పోగు మీద కిందికి 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. దాన్ని 32 ఇళ్లకు పంచినా, అందరూ ఒకేసారి లాగినా, ఒక్కో ఇంటికి సుమారు 78 ఎంబీపీఎస్ మిగులుతుంది. కొందరు ఆపరేటర్లు వాడే ఈపాన్ పద్ధతిలో చేతికొచ్చేది మొత్తం ఒక గిగాబిట్టే. 32తో భాగిస్తే 31. కనెక్షన్ తీసుకునేటప్పుడు "జీపానా, ఈపానా, ఎన్ని ఇళ్లకు ఒక స్ప్లిటర్" అని అడగడం తప్పు కాదు.

ఫైబర్‌లో చెడేది వెలుతురు. ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి పోతే తెగడానికి సిద్ధంగా ఉన్నట్టు. ప్రతి 3 డీబీకి వెలుతురు సగానికి సగం తగ్గుతుంది. మంచిగా నడుస్తున్న రోజునే ఈ అంకెను డబ్బా మీద చిన్న కాగితంపై రాసి అతికించండి. రేపు చెడినప్పుడు పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. మైనస్ 20 నుంచి ఒక్కరోజులో మైనస్ 26కు దిగిందంటే ఎక్కడో పోగు మడత పడింది లేదా కనెక్టర్ కదిలింది. తలుపు సందులో వైరు నలగడం, మిగిలిన వైరును చిన్న చుట్టగా చుట్టి మేకుకు తగిలించడం, కోతులు పట్టుకుని ఊగడం, ఇవే కారణాలు. హన్మకొండలో కోతుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆ మిగులు చుట్ట కనీసం అరచేయి వెడల్పు ఉండాలి. కనెక్టర్ రంగు కూడా చూడండి: పచ్చదాన్ని పచ్చదానికే, నీలందాన్ని నీలందానికే కలపాలి. పచ్చ కనెక్టర్ కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలంది ఏటవాలుగా ఉండదు. రెండూ కలిపితే మధ్యలో సందు మిగిలి వెలుతురు పోతుంది. ఎల్ఓఎస్ ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటే వెలుతురు అసలు రావడం లేదని, రౌటర్ ఆపి ఆన్ చేసినా లాభం లేదు. ఎట్టి పరిస్థితిలోనూ పోగు కొనను కంటికి ఎదురుగా పెట్టుకోకండి. ఆ లేజర్ కంటికి కనపడదు, కానీ కన్ను పాడుచేయవచ్చు. పిల్లలున్న ఇంట్లో విప్పిన కనెక్టర్‌కు మూత తప్పనిసరి.

ఇంత మంచి ఫైబర్ వచ్చినా "రాత్రయితే గుండ్రంగా తిరుగుతనే ఉంటది" అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ తప్పు చివరి తీగలో లేదు. ఆపరేటర్ ఊరి బయటి నుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ కొని తెచ్చుకున్నాడో దాంట్లో ఉంది. 300 కనెక్షన్లకు ఒక గిగాబిట్ కొన్నాడనుకుందాం. అందరూ ఒకేసారి వాడితే మనిషికి 3.3 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి వాడరు. మూడోవంతు మంది వాడితే మనిషికి 10, హెచ్‌డీ వీడియోకు 5 చాలు కాబట్టి గడిచిపోతుంది. అదే గిగాబిట్ మీద 900 కనెక్షన్లు ఎక్కిస్తే రాత్రి తొమ్మిదికి అందరికీ ఆగిపోతుంది, కరపత్రంలో 100 అని ఉన్నా 300 అని ఉన్నా. ఇళ్ల కనెక్షన్లకు ఒకరి బ్యాండ్‌విడ్త్‌ను 50 మందికి మించి పంచకూడదని 2009లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మార్గదర్శకాల్లో చెప్పింది. మీ ఆపరేటర్‌ను ఆ నిష్పత్తి ఎంతని అడగండి.

కొలిచే పద్ధతి సరిగా లేకపోతే ఇదంతా వాదులాటగానే మిగులుతుంది. ఫోన్‌లో వైఫై మీద కొలిచిన అంకెతో ఆపరేటర్ ముందు నిలబడలేరు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై రెండు గోడల అవతల 30, 40 దాటడం కష్టం. అది గోడల తప్పు, లైను తప్పు కాదు. ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్ ల్యాన్ పోర్టుకు తగిలించి, మిగతా ఫోన్లు, టీవీలు అన్నీ వైఫై నుంచి తీసేసి, పొద్దున ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి తొమ్మిదికి కొలవండి. మూడు రోజులు. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (కబురు పోయి రావడానికి పట్టే సమయం) మూడూ నోటుబుక్కులో రాయండి. స్పీడ్‌టెస్ట్ తనంతట తాను ఎంచుకునే సర్వర్ చాలాసార్లు మీ ఆపరేటర్‌దే అయి ఉంటుంది. అక్కడిదాకా దారి ఖాళీగానే ఉంటుంది కాబట్టి అంకె ఘనంగా వస్తుంది. సర్వర్ మార్చి హైదరాబాద్‌లోని వేరే కంపెనీది ఒకసారి, ముంబైదో చెన్నైదో ఒకసారి పెట్టి కొలవండి. సొంత సర్వర్‌కు 98, బయటి సర్వర్‌కు 12 వస్తే ఆపరేటర్ కొన్న బ్యాండ్‌విడ్త్ చాలడం లేదని తేలిపోతుంది. మూడు పూటలా ఒకేలా తక్కువ వస్తే తీగలో తప్పు. రాత్రి మాత్రమే పడిపోతే పంపకంలో తప్పు. వైరు మీద బాగుండి వైఫై మీద బాగాలేకపోతే ఇంట్లో రౌటర్ జాగా మార్చాలి. ఇంకో మాట: డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటర్ చూపే అంకె బైట్లలో ఉంటుంది, ప్లాన్ బిట్లలో ఉంటుంది. సెకనుకు 5 ఎంబీ కనిపిస్తే అది 40 ఎంబీపీఎస్. ప్లాన్ 40 ఐతే నిండుగా వస్తున్నట్టే. డీఎస్ఎల్‌లో మాత్రం మోడెమ్ చూపే లింక్ స్పీడులో పదో వంతుకు పైగా ప్యాకింగ్ ఖర్చుకే పోతుంది. 8 చూపితే 7 లోపే చేతికొస్తుంది, అది మామూలే.

అయితే ఏది తీసుకోవాలి? ఫైబర్ మీ గల్లీలోకి వచ్చి ఉంటే అది ఎవరిదైనా తీసుకోండి, బోర్డు మీద కేబుల్ అని ఉన్నా, టెలిఫోన్ అని ఉన్నా. ఫైబర్ రాని చోట ఎక్స్ఛేంజ్‌కు కిలోమీటరున్నర లోపు ఉంటే డీఎస్ఎల్ నమ్మదగిందే: వేగం తక్కువైనా రాత్రి తొమ్మిదికి తీగ ఒకేలా ఉంటుంది. బిల్లింగ్ నడిపే దుకాణానికి, ఒకే టీవీ ఉన్న ఇంటికి సరిపోతుంది. మూడు కిలోమీటర్లు దాటితే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు ఊళ్లలో చాలా ఇళ్లకు ఇదే లెక్క వర్తిస్తుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. నెట్ కనెక్షన్ల ప్రకటనలు, కరపత్రాలు మీ పేపర్‌తోపాటే ఇళ్లకు చేరుతున్నాయి. ఆ ప్రకటన ఇచ్చేవారిని నాలుగు ముక్కలు తప్పక రాయమనండి: తీగ ఏ రకం, అప్‌లోడ్ ఎంత, డేటా హద్దు దాటాక వేగం ఎంత, 18 శాతం జీఎస్టీ కలిపి నెలకు ఎంత. జిల్లా పేజీలో ఎప్పుడైనా కంపెనీల వేగాలను పోలుస్తూ వార్త రాస్తే రాత్రి తొమ్మిది గంటలకు వైరు మీద కొలిచిన అంకెలు వేయండి. డేటా హద్దు దాటినా వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదని ట్రాయ్ 2016లో చెప్పిన సంగతి కూడా చాలామందికి తెలియదు, అది అచ్చులో పడితే మేలు.

ఫిర్యాదు చేసేవారు ఆపరేటర్‌కు ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. కంపెనీ నంబరుకు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. దానికి జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, అప్పీలుకు రుసుం లేదు. నోటుబుక్కులోని మూడు రోజుల అంకెలు జత చేయండి. పాత కనెక్షన్ మానేసేవారు కొత్తది పదిహేను రోజులు నడిచి, అందులో రెండు వానలైనా పడ్డాకనే పాతది తీసేయించుకోండి. మోడెమ్‌నో ఓఎన్‌టీనో తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బా వెనక ఉన్న సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకోండి. ఆ నంబరు లేని రసీదుతో డిపాజిట్ అడిగితే, డబ్బా మాకు అందలేదంటారు.

ఇట్లు,
ఒక లైన్ టెక్నీషియన్,
హన్మకొండ